ఎర్ర చీటీ ఎలుకలు

ఎర్ర చీటీ తగిలించిన పంజరాల్లో ఎలుకలు నిక్షేపంగా మేత కొరుకుతున్నాయి. వాటిని చూస్తుంటే పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోతోంది. పక్కన నీలం చీటీ ఎలుకలు బొచ్చు రేగిపోయి, మూల ముడుచుకుని పడున్నాయి. వాటికి క్షయ తిరగబెట్టింది.

తోడల్లుళ్ళిద్దరూ ఒకే పరిశోధనశాలలో చెరొక మందు తయారుచేశారు. ఎలుకలకు క్షయ అంటించి, క్రిములు కనబడకుండా పోయేదాకా ఒక జట్టుకు ఒకరి మందు, రెండో జట్టుకు ఇంకొకరి మందు ఇచ్చారు. ఆపైన మందు మాన్పించి, రోగనిరోధక శక్తి తగ్గించే సూదులు వేశారు. నక్కి ఉన్న జబ్బు బయటపడేది అప్పుడే. తిరగబెట్టనివ్వని మందే రేపు మనుషుల దాకా వెళ్తుంది. ఏ చీటీ ఎవరి మందుదో డైరెక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. సొంత జట్టు మీద ఎవరూ మొగ్గు చూపకూడదని అక్కడి పద్ధతి.

పెద్దల్లుడికి ఒకరు చెప్పక్కర్లేదు. చిన్నల్లుడు రోజూ వచ్చి ఎర్ర చీటీల ముందే నిలబడి మురిసిపోతున్నాడు. ఇంకేం కావాలి? అసలే మామగారు నోరు తెరిస్తే "మా చిన్నల్లుడు" అంటారు. ఇది కూడా గెలిచాడంటే ఆ ఇంట్లో తన మొహం చూసేవాళ్ళుండరు.

"నీ ఎలుకలు భలే ఉన్నాయే తమ్ముడూ," అన్నాడు నవ్వు పులుముకుని.

"ఎవరివో నాకేం తెలుసన్నయ్యా. ఒక మందన్నా నిలబడింది, అది చాలు."

నంగనాచి, అనుకున్నాడు పెద్దల్లుడు.

భోజనాల వేళ గది ఖాళీ అయ్యింది. ఇంకాసేపట్లో ఎలుకల్ని కోతకు తీసుకెళ్తారు. పైకి ఎలా కనిపించినా ఊపిరితిత్తుల పరీక్షదే ఆఖరి మాట. చీటీ తప్ప వాటికి వేరే గుర్తు లేదు. పెద్దల్లుడు గబగబా ఎర్ర చీటీలు తీసి నీలం వాటికీ, నీలం చీటీలు ఎర్రవాటికీ తగిలించేశాడు. కడుపుమంట చల్లారింది.

ఫలితాల రోజు మామగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఎర్ర చీటీ జట్టుకు జబ్బు తిరగబెట్టిందనీ, నీలం జట్టులో ఒక్కదాని ఊపిరితిత్తుల్లోనూ క్రిమి దొరకలేదనీ డైరెక్టరమ్మ చెప్పింది. చిన్నల్లుడు తెల్లబోయి చూశాడు. ఓటమి మింగుడుపడటం లేదు పాపం, అనుకున్నాడు పెద్దల్లుడు.

గెలిచిన మందు చేసినవారిని వేదిక మీదికి రమ్మన్నారు. పెద్దల్లుడు మామగారి వంక ఓరగా చూసి, చొక్కా సర్దుకుంటూ లేచాడు.

డైరెక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని అతన్ని వింతగా చూసింది.

"మీరు కూర్చోండి, మీ మందుది ఎర్ర చీటీ."