పదో రోజు నడికట్టు

రోమియా ముసలమ్మ నడికట్టు గుడ్డను చంకన ఇరికించుకుని కొడుకు ఇంటి మెట్లెక్కింది. గుమ్మంలో కాలు పెట్టకముందే నోరు తెరిచింది.

"ఏమే జైతూన్! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, చివరికి నా పరువుకే ఎసరు పెట్టావు కదే!"

వంటింట్లో చేపలు కడుగుతున్న కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"రండత్తయ్యా, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. పచ్చి బాలింతవి, ఆ చన్నీళ్లలో చేతులేంటి? చెప్పేవాళ్లు లేకనా?"

జైతూన్ వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి కట్టేసి వచ్చింది.

హోమ్ ఐలాండ్ అనే ఆ చిన్న దీవిలో బాలింత నడుమంటే రోమియా చెయ్యి పడాల్సిందే. ముప్పై మూరల గుడ్డను తుంటి దగ్గర మొదలుపెట్టి, ముడి మీద ముడి వేసుకుంటూ రొమ్ముల కిందిదాకా బిగించేది. దీవిలో సగం మంది ఆడవాళ్ల నడుములు తన చేతి చలవేనని ఆమే చెప్పుకునేది. మిగతా సగం మంది కూడా కాదనేవాళ్లు కాదు.

అయితే దీవిలో పురుళ్లు పోయరు. నెలలు నిండేలోపే పడవలో పక్క దీవికి చేరి, అక్కడ విమానమెక్కి పెర్త్‌లోని పెద్దాసుపత్రికి వెళ్లాలి. అలా వెళ్లే రోజున, పడవ రేవులో, జైతూన్ అత్త చేతిలో చెయ్యేసింది. "మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నా నడుం మీద పడనివ్వను, ఒట్టు" అంది.

తీరా తిరిగొచ్చాక చూస్తే ఏముంది? కడుపు కోసి బిడ్డను తీశారు. పొట్టకు ఆస్పత్రివాళ్లిచ్చిన బెల్టు. లాగితే చర్రుమని ఊడే బెల్టు!

"డాక్టరమ్మ ఇదే పెట్టుకోమందత్తయ్యా. గుడ్డ కట్టొద్దంది."

తిరిగొచ్చిన రోజే జైతూన్ గుమ్మంలో చెప్పేసింది, పక్కింటి సలీనా చెవులు రిక్కించి వింటూ ఉండగా. కొడుకు హమ్దీ సంచులు మోసుకుంటూ లోపలికి తప్పుకున్నాడు. బిడ్డకు ఇంతాన్ అని పేరు పెట్టుకొచ్చారు, అదీ తనను అడక్కుండానే.

పరాయివాళ్లు కాదంటే పడవచ్చు. చేతిలో చెయ్యేసిన కోడలే కాదంటే? ఊళ్లో ఇంకెవరు తన చేత కట్టించుకుంటారు? రోమియా గుండె మళ్లీ భగ్గుమంది.

"కోసిన కడుపును మొదటి రోజే బిగించేస్తాననుకున్నావా? అంత తెలివితక్కువదాన్నా నేను? పది రోజులు ఆగాను. గాయం ఆరాలని ఆగాను. నువ్వే పిలుస్తావని ఆగాను. పిలిచావా?"

"తప్పయిపోయిందత్తయ్యా. ఇవాళ కట్టండి."

 దారి పొడుగునా కూర్చుకొచ్చిన తిట్లన్నీ వృథా అయిపోయాయి.

"మరి ఆ బెల్టో?" అంది అనుమానంగా.

"తీసి పారేశాను."

కిటికీలోంచి సలీనా తల పెట్టింది. "గట్టిగా బిగించు అవ్వా! నిన్న మీ కోడలు రెండు పళ్లేల అన్నం లాగించింది."

"బాలింత తినకపోతే నువ్వు తింటావటే? పో, పోయి నీ పని చూసుకో!"

సలీనా నవ్వుతూ తప్పుకుంది. నవ్వుతారు, ఎందుకు నవ్వరు? సొంత కోడలే లోకువ చేసినదాన్ని చూసి ఎవరైనా నవ్వుతారు.

జైతూన్ చాప మీద పడుకుంది. ముసలమ్మ వేలి కొసతో కోతను తడిమి చూసింది. తెల్లగా, దారపు పోగులా ఉంది. వాపు లేదు, ఎరుపు లేదు.

"చూశావా! పది రోజులకే ఇంతలా మానింది. నేను పంపిన చేపల చారు గొప్పా, మీ డాక్టరమ్మ గొప్పా?"

"మీ చారేనత్తయ్యా."

గుడ్డ తుంటి చుట్టూ తిరిగింది. ముడి తర్వాత ముడి, ఒక్కటీ తప్పలేదు. కోత దగ్గర వదులుగా, దాని పైన బిగువుగా పట్టింది. సగం దాకా వచ్చాక చూస్తే కోడలి కళ్లలో నీళ్లు.

"ఏం? నొప్పా?"

"కాదత్తయ్యా. ఆ రోజే మీతో కట్టించుకోవాల్సింది."

"ఇప్పుడేం మించిపోయింది? పది రోజులేగా!"

అనేసింది గానీ, ముసలమ్మ మనసు ఇంకా మెత్తబడలేదు. చివరి ముడి బిగించి, కోడలి ముఖంలోకి చూసింది.

"రేపూ వస్తాను. నలభై రోజులూ కట్టాల్సిందే. కానీ ఒకటి చెప్తున్నా విను. నువ్వు మాట తప్పిన సంగతి మాత్రం చచ్చేదాకా మరిచిపోను."

"తెలుసత్తయ్యా."

"సరేలే. పిల్లేదీ?"

"వస్తుందత్తయ్యా."

"వస్తుందా! ఏ మహాతల్లి ఎత్తుకెళ్లిందో! పసిగుడ్డును ఇల్లిల్లూ తిప్పుతారటే?"

అప్పుడే బడి పడవ దిగి వచ్చిన ఇంతాన్, తల్లి ఎత్తు ఎదిగిన పిల్ల, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ, "అమ్మా, నాయనమ్మ ఇవాళ కూడా కట్టేసిందా?" అంది.