దగ్గరి మాట

"అమ్మా, ఆ మనిషిని పుట్టింటికి పంపించెయ్యి," అన్నాడు అథ్మాన్, చాప మీద కాళ్ళు బార్లా చాపుకుంటూ.

ఆ మనిషి చేతికందేంత దూరంలోనే కూర్చుని కొబ్బరి కోరుతోంది. లామూ దీవి వాళ్ళ భాషలో మనుషుల్ని చూపించే మాటలకు కొదవ లేదు. తన దగ్గరున్న మనిషికి ఒకటి, ఎదుటివాళ్ళ దగ్గరున్న మనిషికి ఒకటి, ఇద్దరికీ అందనంత దూరాన ఉన్న మనిషికి మరొకటి. తమ్ముడు సముద్రంలో పోయినప్పటి నుంచీ అథ్మాన్ మరదలికి ఆ మూడోదే వాడుతున్నాడు. రుకియాకు అలవాటైపోయింది. తలెత్తే ఓపిక కూడా లేదు.

"ఏ మనిషిరా?" అంది బీ జేనా మంచం మీంచి. "ఇది నా కోడలు."

"కొడుకే లేనప్పుడు కోడలెక్కడిదే? ఈ ఇల్లు అద్దెకిచ్చేద్దాం. నువ్వు మొంబాసా వచ్చెయ్యి, కళ్ళకి ఆపరేషన్ చేయిస్తా. పొరలు తీసేస్తే అన్నీ కనిపిస్తాయట. ఇక చెయ్యి పట్టుకుని నడిపించే మనిషితో పనేముంది?"

రుకియా చెయ్యి ఆగింది. పుట్టింట్లో ఇప్పుడు సవతి తల్లిదే రాజ్యం. గుమ్మం కూడా తొక్కనివ్వదు.

"నా కళ్ళ మీద కత్తి పెట్టనివ్వను," అంది బీ జేనా.

"అయితే గుడ్డిదానిలాగే ఉండిపోతావా?"

"ఉంటాను. నా కళ్ళు, నా ఇష్టం. గుడ్డి తల్లికి ముద్ద పెట్టేదాన్ని తరిమేశాడని మసీదు అరుగు మీద నలుగురూ నీ గురించి చెప్పుకుంటే బాగుంటుందా?"

అథ్మాన్ మొహం చిట్లించాడు. నలుగురూ అనుకోవడమంటే అతనికి చచ్చేంత భయం.

"సరే, నీకు చూపు లేనన్నాళ్ళూ ఉండనీ," అని విసుక్కుంటూ చెప్పులేసుకుని రేవుకు పోయాడు.

నిలువనీడ దక్కింది. అయినా రుకియాకు సంతోషం కలగలేదు. అత్తకు చూపు పోయినప్పటి నుంచీ నీళ్ళు పొయ్యాలి, ముద్ద కలిపి చేతికివ్వాలి, గుమ్మం గుమ్మానికీ చెయ్యి పట్టుకుని దాటించాలి. పొద్దస్తమానం "ఏదీ? ఎక్కడే?" అని ఒకటే పిలుపు. ముసలామె నోట దగ్గరి మాట ఒక్కటే మిగిలింది. చేతికి తగిలితే "ఇది", తగలకపోతే అసలు లేనట్టే. ఈ చాకిరీ ఇంకెన్నాళ్ళో తలుచుకుంటే రుకియాకు కడుపులోంచి దుఃఖం తన్నుకొచ్చింది. అత్తకు తెలియకూడదని వెక్కు కూడా బయటికి రానివ్వలేదు. కన్నీళ్ళు చప్పుడు లేకుండా కొబ్బరి తురుములో పడుతుంటే, పొయ్యి దగ్గరి గుడ్డ అందుకుని మొహానికి అడ్డం పెట్టుకోబోయింది.

అథ్మాన్ చెప్పుల చప్పుడు సందు చివర వినపడకుండా పోయేదాకా బీ జేనా ఆగింది. తర్వాత గొంతు బాగా తగ్గించి అంది.

"నీ చేతిలో ఉన్నది కాదే పిచ్చిదానా, దానికంతా మసి. అదుగో, అల్లక్కడ, ఆ దండెం చివర ఆకుపచ్చది ఆరేశావే, అది తీసుకుని తుడుచుకో."