పేపరుకింత

అచ్చయిన ప్రతి పేపరుకూ నగదు ప్రోత్సాహకం ఇస్తామని యూనివర్సిటీ ప్రకటించగానే, ప్రొఫెసర్ విజయరత్నం ఉన్న ఒక్క పరిశోధననూ నాలుగు పేపర్లుగా కోశాడు. టైపు చేయమని అమీర్‌పేటలో డీటీపీ సెంటర్ నడిపే మహిపాల్‌కిచ్చాడు. పంపడానికి గడువు ఆ సాయంత్రమే కావడంతో పక్కనే కూర్చున్నాడు.

టైపు చేస్తూ చేస్తూ మహిపాల్ ఆగిపోయాడు.

"సార్, పైసలిస్తే పరిశోధన ఖరాబైతదని మొదటి దాంట్ల రాసిన్రు. నాలుగో దాంట్ల మస్తు బాగుపడుతదన్నరు."

విజయరత్నం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "చదివావా?"

"టైపు చేస్తుంటే కండ్లల్ల వడ్డది సార్. తప్పయిందా?"

"ఇరవై ఏళ్లలో నా పేపరు చదివిన మొదటి మనిషివి నువ్వే, నాయనా!" ఆయన కళ్లు తుడుచుకుని చాయ్ తెప్పించాడు.

మహిపాల్ చాయ్ తాగి అడిగాడు. "మరి రెండిట్ల ఏది నిజం సార్?"

"అది అయిదో పేపరు. కొత్త ఫైలు ఓపెన్ చెయ్."