ఎడమకాలు

జపాన్ నాట్యంలోని నెమ్మదిని పాశ్చాత్య బ్యాలేతో కలిపి ఆడే బృందంతో కృపారాణి సొంతూరు బచేలికి వచ్చింది. ఒంటికి తెల్లరంగు పూసుకుని, రైలు పట్టాల మీద డ్యూటీలో చనిపోయిన తండ్రిలా వేదిక మీద నడవాలి.

సగం దూరంలో ఎడమకాలు మొద్దుబారింది. ఈడ్చుకుంటూనే నడిచింది. జనం చప్పట్లు కొట్టారు.

తల్లి తెర వెనక్కి పరుగున వచ్చింది.

"కాలు సంగతి నీకెవలు సెప్పినారే?"

"ఏ కాలమ్మా?"

"ఆ పొద్దు మీ నాన్న ఇలాగే ఈడ్సినాడు. డూటీకి ఎల్లలేనన్నాడు. నానే తిట్టి పంపేసినాను. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. ఇన్నేళ్లూ ఎవలికీ సెప్పలేదు."

తల్లి కూతురి తెల్లటి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎల్లొద్దులే మావా, ఈపూట ఇంటికాడే ఉండు" అంది.