భర్త సంతకం

"ఆ నర్సింగ్ హోమ్ పని మానేస్తానంటేనే సంతకం" అన్నాడు ఎడ్వర్డ్, పెన్నుకు మూత పెడుతూ.

బల్ల మీద సలోమి ఐరిష్ పౌరసత్వం దరఖాస్తు ఉంది. ఆమె ఐర్లండ్‌లోని ఈ లెటర్‌కెన్నీ ఊరికి వచ్చి మూడేళ్ళయింది. ఎడ్వర్డ్‌కు పౌరసత్వం ఉంది కాబట్టి, అతని భార్యగా, మిగతావాళ్ళలా ఐదేళ్ళు ఆగకుండా, ఇప్పుడే పెట్టుకోవచ్చు. కలిసే ఉంటున్నామని అతను సంతకం చేయాలి.

సలోమి యూనిఫాం మీద కోటు వేసుకుంటోంది. "నిన్న కూడా కోవిడ్‌తో ఇద్దరు పోయారండీ. ఉన్న ముసలివాళ్ళకి అన్నం ఎవరు పెడతారు?"

"నీకేమన్నా అయితే? పిల్ల సంగతేంటి?"

"మీరు కోవిడ్ వార్డుకి వెళ్తున్నారుగా. నేనెప్పుడన్నా మానమన్నానా?"

"నాది ఉద్యోగం."

బొత్తాలు పెట్టుకుంటున్న చేతులు ఆగాయి. "మరి నాది?"

సలోమి మిగతా బొత్తాలు పెట్టుకుంది.

"ఇంకో రెండేళ్ళుంటే ఐదేళ్ళవుతాయి. అప్పుడు నా అంతట నేనే పెట్టుకుంటా. ఎవరి భార్యనో రాయక్కర్లేదు."

"పిచ్చా నీకు? చేతిదాకా వచ్చింది వదులుకుంటావా?" ఎడ్వర్డ్ గబగబా మూత తీసి సంతకం చేసి, కాగితం ఆమె ముందుకు తోశాడు. "ఇదిగో. పంపించుకో."

సలోమి దాన్ని మడిచి, అతని ఫైళ్ళుండే అలమరలో పెట్టి తలుపు మూసింది. మాస్కు పెట్టుకుంది.

"ఉండనివ్వండి. నేనీ దేశంలో ఉన్నానని చెప్పడానికి ఆ నర్సింగ్ హోమ్ కాగితాలే చాలు. డ్యూటీకి టైమవుతోంది."