గెల్బు వెనకాల

"యాభై ఎనిమిది," అంది ధనమాయ, మార్గిట్ అమ్మ వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు చూసి.

"మళ్ళీ పెట్టు," అన్నాడు గెల్బు.

"రెండుసార్లు పెట్టాను. నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో అన్నా."

"చదవడం నీ పని. ఉంచాలో దించాలో చెప్పడం గైడ్‌గా నా పని. దించేద్దాం, ఇప్పుడే."

సుక్మాన్ గుడారం తెర ఎత్తి బయటికి చూశాడు. చూడటానికేముంది? నేలా ఆకాశం ఒక్కటైపోయాయి. బారెడు దూరం దాటితే అంతా తెలుపే. ఈ పొగమంచులో హెలికాప్టర్ రాదని కిందివాళ్ళు పొద్దున్నే వైర్‌లెస్‌లో చెప్పేశారు. మార్గిట్ అమ్మ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఊపిరి తీస్తే గరగరమంటోంది. సాయంత్రంలోగా కింది లాడ్జికి చేర్చకపోతే ఆమె దక్కదు.

యాత్ర మొదటిరోజు సుక్మాన్ పగిలిన చేతులు చూసి, పరదేశం నుంచి కొండలెక్కడానికొచ్చిన ఆమె తన సంచిలోంచి ఉన్ని చేతితొడుగులు తీసి తనే తొడిగింది. పద్దెనిమిదేళ్ళుగా ఈ కొండల్లో మూటలు మోస్తున్నాడు. మూట మోసేవాడికి చేతులు కూడా ఉంటాయని గమనించిన మనిషి ఆమె ఒక్కతే.

"ఈ పొగమంచులో ఎలా దిగుతామన్నా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"పొగమంచైతే ఏంటిరా? దారి ఎక్కడికీ పోదుగా."

సుక్మాన్‌కు ఒళ్ళు మండింది. వారం నుంచీ చూస్తూనే ఉన్నాడు ఈ ముసలాయన వాలకం. నిన్నటికి నిన్న, ఎండ ఫెళ్ళున కాస్తుంటే, ఎదురుగా ఉన్న నీళ్ళ బకెట్‌ను తన్నుకుని బోర్లా పడ్డాడు. మొన్న తనతో పాటు మూటలు మోసే ధనమాయ భుజం తట్టి "ఏరా సుక్మాన్" అన్నాడు. ఇక ఆ నల్ల కళ్ళద్దాలు గుడారంలో కూడా తియ్యడు. పొద్దస్తమానం తాగి కళ్ళెర్రబడితే దాచుకోవద్దూ మరి! అలాంటివాడి చేతికి ఇవాళ ఆమె ప్రాణం చిక్కింది.

అయినా ఏం చేస్తాడు? ఇక్కడే ఉంటే చావు ఖాయం. మూటలు మోసే వెదురు బుట్టను ఒక పక్క కోసి, ఆమె కాళ్ళు బయటికి వేలాడేలా కూర్చోబెట్టి, పట్టీ నుదుటికి తగిలించుకుని లేచాడు. నుదుటికి పట్టీ వేసుకున్నాక తల ఎత్తే వీలుండదు. తన కాళ్ళు, ముందున్నవాడి మడమలు, మహా అయితే చేతులు, అంతే కనిపించేది. గెల్బు తన నడుముకు కట్టుకున్న తాడు రెండో కొసను సుక్మాన్ నడుముకు బిగించాడు. ధనమాయ వెనక నుంచి బుట్ట పట్టుకుంది.

గెల్బు ఎడమ చేతిలో కర్ర, కుడి చేతిలో జపమాల. అడుగులకు తగ్గట్టే ఒక్కో పూస జరుగుతోంది, గొణుగుడు వినిపిస్తోంది.

"ఇప్పుడు జపమేంటన్నా? ముందు దారి చూడు!"

"మాట్లాడించకురా. మధ్యలో తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది."

మాల పూర్తయింది. గెల్బు ఆగాడు. "ఇక ఎడమకి."

"మాల అయిపోతే మలుపొచ్చేస్తుందా? ఇదెక్కడి చోద్యం!"

"తిరగమన్నానా?"

సుక్మాన్ పళ్ళు నూరుకుంటూ తిరిగాడు. కాలికి తగిలి ఒక రాయి కుడిపక్కకు జారింది. అది కింద పడిన చప్పుడు ఎంతసేపటికీ వినిపించలేదు.

ఇంకో రెండు మాలలయ్యాక మంత్రాలు చెక్కిన రాతిగోడ వచ్చింది. దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడవడం అందరూ పాటించేదే. కానీ గెల్బు మాల మెళ్ళో వేసుకుని, చేతితొడుగు తీసేసి, ఒక్కో రాయినీ తడుముతూ నడుస్తున్నాడు.

"ఇక్కడ ఈమె ప్రాణం పోతుంటే నీకు మొక్కులు గుర్తొచ్చాయా?" సుక్మాన్ గొంతు ఏడుపులోకి దిగింది. "గోడకి అటుపక్క నుంచి దగ్గరన్నా, నాకు తెలుసు. నీ కాళ్ళు పట్టుకుంటా, అటు పోదాం!"

"ఇటే."

అంతలో వీపు మీద గరగర ఆగిపోయింది.

"ధనమాయా! ఊపిరుందా?"

"ఆగకు! నడువు!"

"ఉందా లేదా చెప్పవే!"

"ఉంది... సన్నగా ఉంది. నడవరా నాయనా!"

మెడ నరాలు తెగిపోతున్నాయి. కన్నీళ్ళు గడ్డం మీదే గడ్డకడుతున్నాయి. ఆమె పోతే ఆ చేతితొడుగులు మళ్ళీ తొడుక్కోలేడు. ఈ తాగుబోతును నమ్మి చేజేతులా చంపుకున్నానని కుమిలిపోతూ, ఆ మడమల వెంటే నడిచాడు.

చాలాసేపటికి గెల్బు ముక్కు ఎగబీల్చాడు. "ధూపం పొగ. వచ్చేశాం. ముందు మూడు మెట్లున్నాయి, జాగ్రత్త."

మూడే ఉన్నాయి.

లాడ్జి ఆవిడ ఆక్సిజన్ సిలిండరు తెచ్చి మార్గిట్ అమ్మ ముక్కుకు గొట్టం పెట్టింది. అరగంట గడిచింది. "డెబ్భై తొమ్మిది!" అని ధనమాయ అరిచింది. మార్గిట్ అమ్మ కళ్ళు తెరిచి, "భాయి" అంటూ సుక్మాన్ చెయ్యి పట్టుకుంది. వాడు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి గాలి మళ్ళింది. ఎదుటి కొండలన్నీ ఎండలో ధగధగలాడుతున్నాయి. ఆ వెలుగుకు కళ్ళు చికిలించుకుని, తాము దిగొచ్చిన దారి చూశాడు. మూరెడు వెడల్పు బాట, పక్కనే పాతాళం. రాతిగోడకు అటుపక్క అసలు నేలే లేదు, విరిగి లోయలో పడిపోయింది.

గెల్బు చూరు కింద నీడలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సుక్మాన్ వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"తాగుబోతువని తిట్టుకున్నానన్నా. అంత పొగమంచులో ఒక్క అడుగు తడబడలేదు నువ్వు. అమ్మ బతికింది!"

"బతికిందా? మంచిది. అయితే హెలికాప్టర్‌కి కబురు పెట్టాలి." గెల్బు మెరిసిపోతున్న కొండలకేసి ముఖం తిప్పాడు.

"ఏరా, పొగమంచు విడిందా?"