గుమ్మంలో చెప్పులు

"ఎవరూ రాలేదు జానకీ. గుమ్మంలో ఒక్క చెప్పు కూడా లేదు," అన్నాడు దత్తాత్రేయులు, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఏలూరులో ఓ ట్యూషన్ సెంటరు మేడమీద, మూసి ఉన్న తలుపు ముందు నిలబడ్డాడాయన. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రాలు ఆ గదిలో కలుస్తారని ఎవరెవరినో అడిగి కనుక్కున్నది భార్య జానకి. తాడేపల్లిగూడెంలో ఆయన పురోహితుడు. పంతులుగారు తాగుతారన్న మాట బయటికి పొక్కిందా, ఇక పెళ్ళికి కాదు కదా తద్దినానికి కూడా ఎవరూ పిలవరు. అందుకే ఊరు కాని ఊరు వచ్చాడు.

ఊరు మారినా భయం మారలేదు. ఆయనవి కిర్రు చెప్పులు. వీధి చివర అడుగు పడగానే పంతులుగారు వస్తున్నారని గూడెంలో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ చప్పుడు ఇక్కడ ఎవరి చెవిన పడుతుందోనని మెట్ల కిందే విప్పి, చేతిసంచిలో పెట్టుకుని, పిల్లిలా పైకి వచ్చాడు.

"తలుపు తోసి చూశారా అండీ?" అంది జానకి.

"చెప్పులు లేని గదిలో మనుషులుంటారా? చప్పుడు కూడా లేదు."

"పోయిన వారం రైలు తప్పిపోయిందన్నారు. అంతకు ముందు తలనొప్పి అన్నారు."

"అంటే నా మాట నమ్మవన్నమాట."

"నమ్మడం లేదండీ," అంది జానకి మెల్లగా. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. అదే ఆయనకి భయం. "మేధ బట్టలు, స్కూలు పుస్తకాలు సర్దేశాను. మీరివాళ ఆ మీటింగులో కూర్చోకపోతే మేం వెళ్ళిపోతాం, మా అన్నయ్య దగ్గరికి. మళ్ళీ రాం. ఆ గుమ్మం ఫొటో తీసి పంపండి, చూస్తాను."

తీశాడు. ఖాళీ గుమ్మం, మూసిన తలుపు, మూలనున్న చీపురు, అన్నీ చక్కగా పడ్డాయి. పంపాడు. ఇంక తన తప్పేముంది? చెప్పొద్దూ, ఆయనకి లోపల్లోపల హాయిగానే ఉంది. తలుపు తోస్తే సంగతి తెలిసిపోతుందని ఆయనకి తెలియక కాదు. తోయకుండా వెళ్ళిపోవడానికి ఇంత మంచి కారణం దొరికాక దాన్ని చేజేతులా ఎందుకు పాడుచేసుకోవడం అని. స్టేషన్ దారిలో బ్రాందీ షాపు ఎక్కడుందో వస్తూనే చూసి పెట్టుకున్నాడు. ఈ బెంగ తీరడానికి ఒక్క క్వార్టరు చాలు. ఒక్కటే.

సగం మెట్లు దిగాక జానకి మెసేజ్ వచ్చింది.

"ఫొటోలో మీ చెప్పులు కూడా లేవేమిటండీ? మీరు కూడా రాలేదా?"

దత్తాత్రేయులు చంకలో ఉన్న సంచి వైపు చూశాడు. పైనున్న తలుపు వైపు చూశాడు. ఇంట్లో సర్దిపెట్టిన కూతురి బట్టలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కండువాతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పైకెక్కి తలుపు తోశాడు.

గది నిండా మనుషులు. కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చున్నారు. ప్రతి కుర్చీ కిందా ఒక సంచి. కొందరివి గుడ్డసంచులు, కొందరివి బట్టల షాపు కవర్లు. ఒకాయన లంచ్ బ్యాగులోంచి చెప్పు మడమ బయటికి కనిపిస్తోంది.

తలుపు పక్కనున్న పెద్దాయన కళ్ళు తెరిచి, ఆయన పిలకా కండువా చూసి, కుర్చీ చూపించాడు. "రండి పంతులుగారూ, కూర్చోండి. నా పేరు హిదాయతుల్లా అండి."

"మరి బయట చెప్పులు..."

"గుమ్మంలో చెప్పులు చూసి లోపలెవరున్నారో చెప్పేసే ఊళ్ళు కదండీ మనవి. బజార్లో నాకు టైలర్ షాపు. మొదట నేనే దాచానండి. నన్ను చూసి అందరూనూ." ఆయన గొంతు ఇంకాస్త తగ్గించాడు. "కొందరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంటారండి. అడుగులు వినబడతాయి. ఎందుకు పోతారో మరి."

ఎందుకో దత్తాత్రేయులుకి తెలుసు. బయటికి వెళ్ళి, సంచిలోంచి కిర్రు చెప్పులు తీసి గుమ్మం ముందు పెట్టాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు. తన వంతు వచ్చినప్పుడు పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, తాగుతానని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. మధ్యలో టీ వచ్చింది. ఒక్కొక్కరే సంచి పట్టుకుని వరండాలోకి వెళ్ళి తాగి వచ్చారు.

మీటింగు అయి బయటికి రాగానే జానకి ఫోను.

"నిజం చెప్పండి. లోపల ఎవరైనా ఉన్నారా అండీ?"

"ఒక్క నిమిషం ఆగు జానకీ. ఇన్ని చెప్పుల్లో నావి ఎక్కడున్నాయో వెతుక్కుంటున్నాను."